శుద్ధమైన నీళ్ళు

(మద్రాసు, వాషర్‌మెన్‌పేట్. 1956లో ఒక ఉదయం. ఇంటి వెనక కారు షెడ్డులో దామోదరం, అతని భార్య రాజలక్ష్మి. షెడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో, మంచం మీద దామోదరం తల్లి మంగళమ్మ.)

"ఉప్పునీళ్ళంట. మెకానిక్కు బాలకృష్ణన్ బ్యాటరీ మూతలు తీసి చూసినాడు. 'ఉప్పుత్తణ్ణి సార్, ప్లేట్లంతా పోయిందీ' అని చెప్పేసి షాపుకు పోయినాడు. ఎవరు పోసింది?"

"మెల్లిగా మాట్లాడండి. అత్తకు వినపడతాది."

"మెల్లిగానే అడగతా ఉండా. ఎవరు పోసింది?"

"ఎవరు పోస్తారు? నేనే పోసినా. మీరు పొయ్యమంటేనే పోసినా."

"నేను బావినీళ్ళు పొయ్యమంటినా?"

"బావినీళ్ళు నేను తాకనే లేదు."

"మరి ఉప్పు యాడ్నించి వచ్చింది? పొద్దున డాక్టరును పిలుచుకొచ్చేదానికి సెల్ఫు లాగితే టక్ అని ఒక శబ్దం, అంతే. హ్యాండిలు తిప్పి తిప్పి చెయ్యి వాచింది. ఆఖరికి ఆయన్ను రిక్షాలో కూర్చోబెట్టి తెచ్చినా. నాయిన బండి షెడ్డులో ఉండంగా, మా అమ్మకు డాక్టరు రిక్షాలో రావాల్నా?"

"డాక్టరు యేమన్నాడు?"

"మాట మార్చొద్దు."

"మార్చలేదు. యేమన్నాడో చెప్పండి."

"ఆస్పత్రికి తీస్కపోయినా ప్రయోజనం లేదన్నాడు. ఈరోజో రేపో అన్నాడు... ఏడవొద్దు రాజీ. ముందు నాకు చెప్పు. నేను నెల్లూరు పొయ్యేటప్పుడు నీకు యేం చెప్పి పోయినా?"

"వారం వారం స్టార్టు చెయ్యి అన్నారు. డ్రైవరు మారిముత్తు పోయినాక, ఆ వెనకే మామ పోయినాక, బండి తీసేవాళ్ళే లేరు, ఊరికే పెడితే బ్యాటరీ దిగిపోతాది అన్నారు. అట్లే చేసినా. శుక్రవారం తలస్నానం చేసి, బండికి కుంకుం పెట్టి, సెల్ఫు లాగినా. కాసేపు ఉరమనిచ్చి ఆపినా."

"నీళ్ళ సంగతి?"

"తగ్గితే పొయ్యమన్నారు. బావినీళ్ళు వద్దు, ఉప్పు అన్నారు. కొళాయినీళ్ళు గూడా వద్దన్నారు. శుద్ధమైన నీళ్ళు పొయ్యి అన్నారు."

"అదే గదా. డిస్టిల్ వాటర్. బ్యాటరీ షాపులో సీసాల్లో అమ్ముతారు."

"ఆ మాట మీరు అనలేదు. శుద్ధమైన నీళ్ళు అన్నారు. స్టేషనుకు పోతా పోతా రిక్షాలోంచి తల బైట పెట్టి గూడా అదే అన్నారు."

"సరి, అన్నా. నువ్వు యేం నీళ్ళు పోసినావు?"

"అత్త పిలస్తా ఉంది."

"పిలవలేదు. పిలిస్తే నాకు గూడా చెవులుండాయి. ఆమె పొద్దున్నించి అడగతా ఉండేది ఒక్కటే, గంగచెంబు తెమ్మని. పూజగదిలో చూసినా, ఆడ లేదు. యాడ పెట్టినావు?"

"అత్తకు పాలు కాచాల, జరగండి."

"రాజీ. చెంబు యాడ?"

"బట్టలపెట్టెలో. చీరల కింద."

"పూజగదిలోది చీరల కిందికి యెందుకు పోయింది?"

"ఖాళీగా ఉంది గనక."

"ఖాళీగానా?"

"ఈ ఇంట్లో అంతకంటే శుద్ధమైన నీళ్ళు యాడుండాయి, మీరే చెప్పండి. మడి కట్టుకొని, లక్క కరిగించి, దండం పెట్టుకొనే పోసినా."

"బ్యాటరీలోనా? గంగను తీస్కపోయి బ్యాటరీలో పోసినావా?"

"మెల్లిగా."

"కాశీ నించి ఒళ్ళో పెట్టుకొని తెచ్చినా దాన్ని. రైల్లో కన్ను మూయలేదు. నాయిన ఆఖరి ఘడియలో ఆ చెంబు తెరిచి ఆయన నోట్లో పోసింది నేనే. మిగతాది అమ్మకని లక్కతో మూసింది నేనే. ఇప్పుడు ఆమె నోట్లో యేం పొయ్యాల? పెట్రోలా?"

"తిట్టండి. కొట్టండి. మీరు నెల్లూరు నించి వచ్చిన కాడ్నించి నాకు అన్నం దిగలేదు. దాంట్లో కొళాయినీళ్ళు పట్టి, లక్క పెట్టేసి, యేమీ ఎరగనట్టు ఉందామనుకున్నా. చెంబు కొళాయి కింద గూడా పెట్టినా. అత్త ముఖం గుర్తొచ్చి తిప్పలేకపోయినా."

"నాదీ తప్పుంది. డిస్టిల్ వాటర్ అంటే నీకు తెలవదనుకున్నా. పెద్ద తెలివిగా తెలుగు చేసి చెప్పినా."

"చెప్పుంటే తెచ్చుందును గదా."

"తెచ్చుందువు."

"ఏమండి."

"యేమి?"

"గంగ ఉప్పగా ఉంటాదా?"

"యెందుకుంటాది? ఘాట్లో దోసిలి పట్టి తాగినా నేను. కమ్మగా ఉండింది."

"మరి బాలకృష్ణన్ ఉప్పునీళ్ళు అన్నాడే. నేను పోసింది చెంబులోదే. ఇంకో చుక్క వేరేది పొయ్యలేదు."

"వాడు పొరబడి ఉంటాడు."

"వాడు రోజూ చేసే పనే అది, యెట్ల పొరబడతాడు? మీరు కోపం చేసుకోకుండా చెప్పండి. నిజంగా కాశీలోనే పట్టినారా? రైల్లో ఒలికిపోయి, ఇంటికొచ్చి మన బావిలో..."

"రాజలక్ష్మీ, నాలిక జాగ్రత్త. ఆ మంచం మీదుండే తల్లి మీద ఒట్టు. కాశీలోదే."

"దామోదరం."

"వస్తా ఉండానమ్మా... వినిందంటావా రాజీ?"

"కిటికీ తెరిచుంది గదరా. అంతా విన్నా. ఇద్దరూ లోపలికి రండి."

"వచ్చినాం అమ్మా. లేవబాకు, పండుకో."

"అత్తా, మీ కాళ్ళు పట్టుకుంటా. మీకని పెట్టిన గంగను నేను చేతులారా..."

"కాళ్ళు వదలవే. ఏడవబాకు. నువ్వు బండిలో పోసింది గంగ కాదు. మన బావినీళ్ళే."

"బావినీళ్ళు చెంబులోకి యెట్లొచ్చినాయమ్మా?"

"నేనే నింపినా."

"నువ్వా? యెప్పుడు?"

"మారిముత్తు ప్రాణం పొయ్యేటప్పుడు. నువ్వూ మీ నాయినా తిరువొత్తియూరులో పెండ్లికి పోయుంటిరి. వాడు షెడ్డు పక్కన ఆ చిన్న అర్రలో ఒక్కడే. 'కొంచం కాశీ తణ్ణి, అమ్మా' అన్నాడు. నువ్వు దాన్ని తెచ్చినప్పుడు స్టేషను నించి బండి తోలుకొచ్చింది వాడే గదా, చూసినాడు. చెంబు మూతి పగలగొట్టి తీస్కపోయినా. ఒక్క చుక్క పోద్దామనే పోయినా. తాగతానే ఉండాడు. ఆపేదానికి నాకు చెయ్యి రాలేదు."

"నాయినకు చెప్పలేదా?"

"యెట్ల చెప్పేది? పూజగదిలోది డ్రైవరుకు పోస్తావా అని ఇల్లు పీకి పందిరేసుండును. బావినీళ్ళు నింపి, కళాయివాడు వీధిలోకొస్తే మూతి అతికిచ్చి, మళ్ళా ఆడనే పెట్టినా."

"దీనికా ఇంత బాధ పడేది? పొయ్యేవాడి దాహం తీర్చినావు, అంతకంటే పుణ్యం యేముంది? రాజీ, నువ్వు గూడా ఇంక కండ్లు తుడుచుకో. బ్యాటరీ పోతే పోయింది, కొత్తది వేయిస్తా."

"మారిముత్తుకిచ్చినందుకు నాకు బాధ లేదురా."

"మరి పొద్దున్నించి చెంబు చెంబు అంటా ఉంటివే. తాగేదానికి కాదా?"

"పారబోయిద్దామని. మీరు గంగ అని పోస్తారు, నేను గంగ అని మింగాల. ఆ అబద్ధం నోట్లో పెట్టుకొని మీ నాయిన కాడికి పోలేను."

"అంటే... నాయిన నోట్లో నేను పోసింది?"

"అవే నీళ్ళు."

"పోనీలేమ్మా. ఆయనకు తెలవదు గదా. గంగే అనుకొని పోయినాడు. పెదాలు గూడా ఆడించినాడు, నువ్వు చెవి పెట్టి విన్నావు, ఇంకా కావాలన్నాడని నువ్వే గదా చెప్పింది."

"నేనే చెప్పినా."

"మరింకేం?"

"'ఉప్పగా ఉండాది, చాలు మంగళా' అన్నాడురా ఆయన. ఇంకో గుక్క అడగతా ఉండాడు, పొయ్యి అని నేను నీకు చెప్పినా."