ఆయన వాటా

ఇంటికంతటికీ ఒకటే నెట్, అదీ నత్తనడక. దాని మీద కంప్యూటర్లు నాలుగు. బడిపిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కల పాఠం ముగించి, భార్య ధుమధుమలాడుతూ భర్త గదిలోకి వచ్చింది.

"పాఠం మధ్యలో నోరు తెరిచి బొమ్మలా ఆగిపోయానండీ. పిల్లలు ఒకటే నవ్వు! పక్కగదిలో మీ చెల్లెలుగారి క్లాసు మాత్రం గలగలా నడిచిపోతుంది."

"దానికి పరీక్షలు కదా. అయినా రౌటర్‌లో నలుగురికీ స్పీడు సమానంగానే పెట్టాను. నాన్నగారి చదరంగానికి కూడా అంతే."

"సమానమైతే తనకే ఎందుకంత జోరు?"

"నా వాటా కూడా దానికే కలిపేశాను. నీది రవ్వంత కూడా తగ్గించలేదు, ఒట్టు."

"మరి మీ పని?"

"ఆఫీసులోనే కూర్చుని ముగించుకొస్తున్నాను."

"అందుకా రోజూ ఆలస్యం!"

ఆవిడ మంచం అంచున కూర్చుంది.

"నాది తగ్గించారని కాదు. మీది ఎవరికైనా ఇచ్చేద్దామనిపించినప్పుడు నేను గుర్తుకు రాలేదు చూడండి, అదీ నా ఏడుపు."

"అయ్యో, ఇప్పుడే మార్చేస్తాను. నీకే ఇస్తాను."

"అడిగించుకుని ఇచ్చేది నాకెందుకు? పరీక్షలయ్యేదాకా తనది కదపకండి. నా వాటాలో సగం మీకు పెట్టుకోండి. రేపటి నుంచి వేళకు ఇంటికి రండి."

"నీ పాఠం ఇంకా ఆగిపోతుందే!"

"ఆగితే ఆగనివ్వండి, పిల్లలు ఇంకాస్త నవ్వుకుంటారు. ఈ సంగతి మాత్రం మీ చెల్లి దగ్గర అనకండి."

"ఏం?"

"తెలిస్తే తనూ సగం ఇస్తానంటుంది."