డాక్టర్ వహ్బీ వాటా

పశువుల డాక్టరు చదువా? కైరోలోనా? కూర్చో, కూర్చో. నవ్వింది నిన్ను చూసి కాదురా. మా కాలంలో ఆ మాటంటేనే ఊరంతా నవ్వేది, అది గుర్తొచ్చింది. మన ఊళ్లో ఆ చదువు చదివిన మొదటివాడు వహ్బీ. పోయి ఎన్నేళ్లయిందో. వాళ్ల తాత బైతార్. గుర్రాలకీ గాడిదలకీ నాడాలు కొట్టేవాడు, దేనికైనా కడుపుబ్బితే ఎర్రగా కాల్చిన చువ్వతో వాత పెట్టేవాడు. బతికితే వాత మహిమ, చస్తే దేవుడి చిత్తం. మనవడేమో టై కట్టుకుని బస్సు దిగాడు. "ఒరే, ఇంత చదువూ చదివి గాడిద నోట్లో చెయ్యి పెట్టడానికొచ్చావా? ఆ మాత్రం మీ తాత నేర్పేవాడు కదరా!" అని కాఫీ హోటల్లో ఒకటే వేళాకోళం. పాపం, అతనూ నవ్వేవాడు. సన్నగా ఉండేవాడు, కళ్లజోడు ఎప్పుడూ జారుతుండేది... ఏం చెబుతున్నాను?

ఆఁ, తెగులు. ఆ ఏడు గేదెలకి తెగులొచ్చింది. నోరంతా పుళ్లు పడి, చొంగ కారి, పారుడు పట్టుకుని, వారం తిరక్కముందే పడిపోయేవి. మందు లేదు. వహ్బీ గడపగడపకీ తిరిగి ఒక్కటే మొత్తుకున్నాడు, "జబ్బు గేదెను కొయ్యకండి, గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చండి" అని. ఎవరు వింటారు? మన పద్ధతి నీకు తెలిసిందేగా. గేదె ఇక దక్కదనుకుంటే ప్రాణం ఉండగానే హలాల్ చేసి, ఊరంతా తలా కాస్త మాంసం కొని, ఆ ఇల్లు మునిగిపోకుండా నిలబెడతాం. పూడ్చమంటే ఆ ఇంటివాళ్లని పూడ్చమన్నట్టే. అయినా మొదటి రెండిటినీ పోలీసుని పక్కన పెట్టుకుని పూడ్పించాడు. జనం అతని మొహానే ఉమ్మేశారు.

మూడోది నబవియ్యాది. మొగుడు పోయిన మనిషి, ఇంటినిండా పిల్లలు, ఆ గేదె పాలే ఆధారం. వచ్చి అతని కాళ్లమీద పడింది. "నాయనా, మీ అమ్మా నేనూ ఒకే పొయ్యిలో రొట్టెలు కాల్చుకున్నాం. నా పిల్లల నోట్లో మట్టి కొడతావా?" అంది. అతను కళ్లజోడు తీసి తుడిచాడు, తుడిచాడు... చివరికి "సరే పిన్నీ, కోసుకోండి" అన్నాడు. "ఇప్పుడు మనిషివయ్యావురా!" అని ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది. మాంసం ఇంటింటికీ వెళ్లింది. ఆడవాళ్లు నెత్తుటి నీళ్లు పెరట్లో పారబోశారు, ఆ చేతుల్తోనే గేదెలకి మేత వేశారు. నెల తిరిగేసరికి ఊళ్లో పాలు పిండే ఇల్లు లేదు.

శుక్రవారం నమాజయ్యాక మసీదు వాకిట్లో అందరి ముందూ నిలబడి ఏడ్చాడురా. "నేనే చేశాను. తెగుల్ని ఆ మాంసమే మోసుకెళ్లింది. కొట్టండి నన్ను!" అని. ఎవరు కొడతారు? ఇమాం వీపు నిమిరి, "మంచి చేస్తే తెగులొస్తుందా బాబూ? దేవుడు రాసింది, నీదేముంది?" అన్నాడు. నబవియ్యా అయితే అందరూ చూస్తుండగా అతని చెయ్యి ముద్దు పెట్టుకుంది. చెయ్యి వెనక్కి లాక్కుని ఇంకా ఏడ్చాడు. ఎంత మెత్తని మనసో అనుకున్నాం మేం.

తర్వాత కాలవ అవతలి పేటలో ఒక గేదె పడింది. అక్కడ ఇంకా గేదెలున్నాయి. పరిగెత్తుకెళ్లి అడ్డం నిలబడ్డాడు. "నబవియ్యాకి సరే అన్నావు, మేం నీకు పరాయివాళ్లమా?" అన్నారు. గోడవారన కూలబడిపోయాడు. ఎదురుగానే కోశారు, పంచారు. డాక్టరు గారి వాటా అని కాగితంలో చుట్టి తెచ్చి ఒళ్లో పెట్టారు.

తీసుకున్నాడురా. చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

...టీ చల్లారిపోయింది చూడు. ఉండు, ఇంకోటి తెమ్మంటాను.