పట్టీలో లేని పేరు

కాలేజీ అమ్మాయిలు సంఘంగా కలిసి ఉండే సోరారిటీ ఇంటి వంటగదిలో సంఘం అధ్యక్షురాలూ, అందరినీ దగ్గర కూర్చోబెట్టి చదివించే కొరినూ మాట్లాడుకుంటున్నారు.

“ఒసేయ్ కొరిన్, క్యాంపస్ మొత్తంలో చదువులో మన ఇల్లే ఫస్ట్! అంతా నీ చలవే!”

“సంతోషం.”

“అదేం మొహమే? ఇదిగో, అందరి మార్కులూ... ఆగు, నీ పేరేది?”

“ఉండదులే.”

“మర్చిపోయారా? ఇప్పుడే ఆఫీసుకి ఫోన్ చేస్తా.”

“వద్దు. పరీక్షలు తప్పానని జనవరిలోనే నన్ను కాలేజీలోంచి తీసేశారు.”

“ఏంటీ! మరి రోజూ లైబ్రరీలో మా పక్కన కూర్చున్నావు కదే!”

“మీరైనా పాసవ్వాలిగా.”

“దేవుడా! కేకు మీద నీ పేరే రాయించానే!”

“ఉండనీ, న్యాయమే. పోయినసారి ఇంటి సగటులో నా మార్కులు కలిసే కదా నాలుగో స్థానానికి పడిపోయాం. ఈసారి కలవలేదు.”