పడవ మీద పేరు

భావనపాడు ఒడ్డున అతని కొత్త పడవకు వేసిన నీలం రంగు ఆరిపోయింది. పేరు రాయడానికి అతను తెల్లరంగు డబ్బా మూత తీస్తుంటే, ఆమె చేపల గంప దించి పక్కనే నిలబడింది. సముద్రం మీద పొద్దుటి మంచు ఇంకా విడలేదు.

“గవ్వ అని రాసేస్తాను.”

ఆ పిలుపు విన్నప్పుడల్లా పాదాల కింది ఇసుకను అల లాక్కుపోతున్నట్టు ఉంటుంది ఆమెకు.

“ఇదిగో, అదెందుకు?”

“నిన్ను అలా పిలుస్తానని మనిద్దరికే తెలుసు. ఇంకెవులూ కనిపెట్టలేరు.”

“రేపట్నుంచి ఊరంతా నీ పడవని అదే పేరెట్టి పిలుస్తారు. గవ్వ వచ్చీసిందా, గవ్వకి సిల్లు పడిందా అని. మరి నాకేటి మిగుల్తాది?”

“అయితే ఏటి రాయమంటావు?”

“నా పేరు రాయి.”

“గున్నమ్మ అనా? ఊర్లో ఆ పేరు నీకొక్కదానికే ఉన్నాది. సాయంత్రానికి మీ అయ్య మా గుమ్మంలో ఉంటాడు.”

“ఉండనీ. వచ్చి అడిగితే ఏటి సెప్తావు?”

అతను కుంచెను తెల్లరంగులో ముంచి డబ్బా అంచుకు రాశాడు.

“సేసుకుంటానని సెప్తాను.”

“మరింకేటి, రాయి.”

నీలం మీద మొదటి అక్షరం మెల్లగా తెల్లబడింది.

“మరి గవ్వనేటి సెయ్యమంటావు?”

“దాసుకో. మనిద్దరమే ఉన్నప్పుడు పిలుద్దువు గాని, మావా.”

రెండేళ్లుగా ‘ఇదిగో’ తప్ప ఆమె నోట మరో పిలుపు వినలేదతను. గాలిలో ఆగిపోయిన కుంచె నుంచి తెల్లరంగు తన పాదం మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నా అతనికి తెలియలేదు.