రవణమ్మ మిషను నూనె

"అమ్మమ్మా, నా సైకిలు చైను కిర్రుకిర్రంటంది. నీ కొబ్బరినూనె కాసింత రాసేనా?"

ఒద్దు! ఒద్దొద్దు, ఆ సీసా అక్కడెట్టీ. కొబ్బరినూనె తలకి రాసుకో, దీపంలో ఎయ్యి, చైనుకి మాత్రం రాయకు. ఏటా సూపు? ముసిల్దానికి సైకిలు సంగతి ఏటి తెలుసనుకుంటన్నావా? కూకో, సెప్తాను. ఆ బెండకాయలు ఇలగ తే, కోసుకుంటా సెప్తాను.

మీ తాతని నువ్వు సూసేసరికి మంచంలో ఉన్నాడు గానీ, వయసులో ఆయన సైకిలు తొక్కితే సూడాలి. పొద్దున్నే మన తోటలో కొబ్బరికాయలు గోనెకెత్తి, ఎనకాల కేరేజీకి కట్టుకుని సంతకి ఎల్లీవోడు. కంచిలి సంతకి... కాదులే, కంచిలి మా నాన్న ఎల్లీవోడు, మీ తాతది సోంపేటే. అప్పుడీ తారు రోడ్లేటి? జీడితోటల మద్దిన ఇసకదారి. కాయకి వొచ్చిన డబ్బులు కూడా ఏముండీవి, ఇప్పుడు మీరు టీలకి తగలేత్తన్నారు అంత. ఏటి సెప్తన్నాను? ఆ, చైను. ఆ ఇసకలో చైను కిర్రుమంటా వొచ్చీది. తోట మలుపుకాడ ఆ సప్పుడు ఇనబడిందా, నాను బేగి అన్నం వార్సీదాన్ని. ఆయన కాళ్లు కడుక్కుని వొచ్చేసరికి కంచంలో పొగలు కక్కతా అన్నం ఉండీది. మా అత్త అనీది, దీనికి మొగుడు రావడం ఎలగ తెలుత్తాదో అని. నాను సెప్పలేదు. నాకూ ఆ సైకిలికీ మద్దినున్న మాట అది.

ఆ చైనుకి నూనె నాదే, తెలుసా? కొబ్బరి కోరి, పాలు పిండి, పొయ్యిమీద పొద్దంతా కాసీదాన్ని. మొదటి నూనె మీ తాత తలకి, ఆ తరవాత దేవుడి దీపానికి, మిగిలింది చైనుకి. మా అత్త పెట్టిన వరస అది. ఆయన తల నిగనిగలాడతా ఉంటే, చైను కూడా నిగనిగలాడతా ఉంటే నాకు గొప్పగా ఉండీది. ఈ మనిషి నా మనిషి అని ఊరందరికీ తెలుత్తంది కదా.

ఓ రోజు వాకిట్లో వడియాలు తిరగేత్తన్నాను. ఎనక్కి తిరిగితే మీ తాత! సైకిలు పట్టుకుని నిలబడున్నాడు. "సప్పుడేది మావా?" అన్నాను. నవ్వినాడు. "మిషను నూనె రాసినానే. రవణమ్మ ఇచ్చింది. నీ కొబ్బరినూనెకి ఇసకంతా అతుక్కుని ముద్ద కడతంది. ఇంక రాయొద్దులే" అన్నాడు. లోపల అన్నం ఇంకా ఉడుకుతానే ఉంది. ఆ రోజు మీ తాత కూకుని ఎదురు సూసినాడు, అన్నంకోసం.

రవణమ్మ ఎవరా? సోంపేటలో బస్సులు ఆగే కాడ కుట్టుమిషను ఎట్టుకుని కూకునీది. మొగుడు పోయిన మనిషి. రైకలు కుట్టీది, మీ తాత గోనెలు సిరిగితే అవీ కుట్టీది. నాను అప్పటికి సూడలేదు, ఇన్నాను. తెల్లగా ఉంటాదంట, నవ్వితే బాగుంటాదంట. ఎవులు సెప్పినారా? మీ తాతే! అడగితే దాపరికం లేకుండా సెప్పీసినాడు. అక్కడే నాకు మండింది. అసూయేనా అంటన్నావా? అసూయే, కాకపోతే మరేటి? నా నూనె ఒద్దన్నాడంటే నన్ను ఒద్దన్నట్టే కాదేటే? అన్నం సయించలేదు. ఆయన ఇంట్లోకొచ్చినప్పుడల్లా దగ్గరికెల్లి వాసన సూసీదాన్ని, మిషను నూనె వాసనేనా, ఇంకేటైనా ఉందా అని.

ఆవిడ నూనెని మించిన నూనె తేవాలి, అంతే, అదే నా పట్టుదల. నువ్వులనూనె రాసినాను, మళ్లీ కిర్రుమంది. ఆముదం రాసినాను, దుమ్మంతా పట్టి నల్లగా గడ్డ కట్టింది. మీ తాత కిరసనాయిలు గుడ్డతో తుడిసీసీవోడు, సొక్కా జేబులోంచి రవణమ్మ ఇచ్చిన సిన్న సీసా తీసి సుక్క సుక్క ఏసుకునీవోడు. ఆ సీసా గుండెకాడ జేబులో ఉండీదే! సూడలేకపోయీదాన్ని.

పలాసలో జీడిమిల్లులో మా తమ్ముడు పన్సేసీవోడు. ఆడు ఓ డబ్బాతో జీడి తొక్కల నూనె తెచ్చినాడు, మా దూలాలకి సెదలు పట్టకుండా పూయడానికి. పడవలకి కూడా అదే పూత్తారు, ఉప్పునీట్లో నానినా సెక్క సెడదు. సముద్రానికే లొంగని నూనె ముందు రవణమ్మ నూనె ఎంత అనిపించింది. జీడి ఒళ్లు కాల్చేత్తాదని మన ఉద్దానంలో పాలుతాగే గుంటకి కూడా తెలుసు. నాకు తెల్దా? తెలుసు. సేతులకి ఆముదం రాసుకునే సేసినాను. గానీ ఆ ఉడుకులో ఓ లింకూ ఒదల్లేదు, గుడ్డ సాల్లేదని సేతి ఏళ్లతోనే రుద్దీసినాను. మీ తాత తోటలో ఉన్నాడు. ఆయన వొచ్చేసరికి చైను ఎండకి బంకలాగ బిగిసిపోయి పెడలు కదల్లేదు. నా సేతులు రెండూ పొక్కులు తేలిపోనాయి. ఓలమ్మో, ఆ మంట!

తిడతాడనుకున్నాను. సైకిలు వొంక సూడను కూడా సూడలేదు. బస్సెక్కించి సోంపేట డాక్టరు కాడికి తీసుకెల్లినాడు. మందు రాసి గుడ్డలు సుట్టినారు. బయటికొచ్చేసరికి మిట్టమద్దినం, నాకేమో ఆకలి. ఎక్కడికి తీసుకెల్లినాడో తెలుసా? రవణమ్మ కాడికే!

సూసినాను. నిజంగానే బాగుంది, ఏటి సెప్పమంటావు. "కూకో అప్పా" అని తన పీట నాకేసింది. తన అన్నం కేరేజీ ఇప్పి, అన్నంలో ఎండుసేపల పులుసు కలిపి, నా నోటికి ముద్దలెట్టింది. నాకు సేతుల్లేవు కదా. తిన్నాను. ఏడుపొత్తంది, తింటానే ఉన్నాను. పులుసు బాగుందే, అదీ నా బాద! బాగోకపోతే ఎంత బాగుండీది. మీ తాత ఎదురుగా కూకుని మా ఇద్దర్నీ సూసి సంతోషంగా నవ్వుతన్నాడు, ఎర్రి మనిషి.

బస్సులో తిరిగొచ్చినప్పుడు అడిగినాడు, ఎందుకు సేసినావే అని. రవణమ్మ పేరు నా నోట్లోంచి రాలేదు. "నువ్వు సప్పుడు లేకుండా వొత్తన్నావు మావా. నువ్వొచ్చీది నాకు తెలట్లేదు. అన్నం ఎప్పుడు వార్చాలి నాను?" అన్నాను. ఆయన కిటికీలోంచి సూత్తా ఉండిపోనాడు.

చైను గీకి గీకి తుడిసి మళ్లీ మిషను నూనే ఏసినాడు. నాకు మళ్లీ కోపం. గానీ ఆ మర్నాడు తోట మలుపుకాడ బెల్లు మోగింది. ట్రింగ్ ట్రింగ్ అని. ఎవులో పోస్టుమానేమో అనుకున్నాను. మీ తాత! సైకిలికి కొత్త బెల్లు. అంతకు ముందు బెల్లే లేదు ఆ బండికి. ఆ రోజునుంచి మంచం పట్టీదాకా ఒక్క రోజు మానలేదు. బెల్లు మోగగానే నాను గెంజి వార్సీదాన్ని.

అసూయ పోయిందా అంటావా? ఎక్కడికి పోతాది. ఆవిడ కొట్టు ముందు కూడా ఆ బెల్లు మోగిత్తన్నాడేమో అని కొత్త అనుమానం పట్టుకుంది. అడగలేక, మానలేక, ఎన్నేళ్లు మోసినానో.

మీ తాత పోయినప్పుడు పెద్దకర్మకి ఆవిడా వొచ్చింది. జుట్టు నెరిసిపోనాది, అయినా బాగానే ఉంది. ఏడిసింది. నాకన్నా గట్టిగా ఏడిసింది! ఇంత ఏడుపు ఈవిడికెందుకు అనుకున్నాను. ఆగలేకపోనాను. పక్కకి పిలిసి అడిగీసినాను, "మీ కొట్టుకాడికొచ్చినప్పుడు మా మావ బెల్లు కొట్టీవోడా?" అని.

ఆవిడ కళ్లు తుడుసుకుని నా మొకం సూసింది. "బెల్లా? ఆ సైకిలికి బెల్లుందా అప్పా? నానెప్పుడూ ఇన్లేదే" అంది.

ఆయన ఫొటో ముందు కూకుండిపోనాను. నవ్వు ఆగట్లేదు. కొంగు అడ్డెట్టుకున్నాను. పాపం ఎంత ఏడుత్తందో అనుకున్నారు సుట్టాలందరూ. ఆ రోజు ఆవిడికి నానే దగ్గరుండి ఒడ్డించినాను. అంతమాత్రాన ఇష్టమని కాదు, ఆ.

మరి నువ్వు లే. కిరసనాయిలు లేకపోతే మీ నాన్న బండిలోంచి కాసింత డీజిలు తీసుకుని తుడు. పొయ్యికాడ కాదు, బయట తుడు. ఆరినాక మిషను నూనె, లింకుకో సుక్క. ఎక్కువైంది పొడిగుడ్డతో తీసీ, లేపోతే ఇసక పట్టేత్తాది. నిన్ను సల్లగా సూసీవోడు, నీకోసం మలుపుకాడ బెల్లు కొట్టీవోడు దొరకాలి తల్లీ. నూరేళ్లు సుఖంగా ఉండు. అయిపోయినాక అలగ తోటదాకా తొక్కి రా, సప్పుడొత్తందో లేదో తెలుత్తాది. వొచ్చినప్పుడు మలుపుకాడ ఓసారి... ఆ, బెల్లు కొట్టు. నాను ఈలోగా అన్నానికి ఎసరెడతాను.