ఎర్ర చుక్క తూటాలు

అరిజోనాలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, వెల్డా ఇంటి గరాజు. తూటాలు చేసుకునే బల్ల ముందు, చిన్న కొలత చెంచాతో వెల్డా. గుమ్మంలో ఆమె బావ ఆర్విల్, చనిపోయిన అక్క మావిస్ భర్త.

"ఏంటది? మందా, ఉప్పా? చిటికెడు చిటికెడు చల్లుతున్నావ్!"

"మందే బావా. అక్కడే నిలబడు, బల్ల కదపకు."

"ఇంత తూటాలో అంతేనా? పిచ్చుక పొట్ట కూడా నిండదు."

"నిండక్కర్లేదు. సీసపు గుండు వెళ్లి ఇనప పలకకి తగిలితే చాలు. పది గజాల దూరంలో ఉన్న పలకని చంపాలా ఏంటి?"

"చూశావా, చూశావా! ఇదీ మీ వరస. పోటీకని కౌబాయ్ టోపీలు పెడతారు, బూట్లేస్తారు, నడుముకి రెండేసి రివాల్వర్లు కడతారు. తీరా పేలిస్తే ఈగ తుమ్మినట్టు టుప్పుమంటుంది. పాత రోజుల్లో ఇలాంటి తూటాలతో ఎవడన్నా బండి దోచుకోడానికొస్తే, బండివాడు వాడికి జలుబు మందిచ్చి పంపేవాడు."

"పాత రోజుల్లో గడియారం పెట్టి పోటీలు లేవుగా. తూటా తేలికైతే చెయ్యి ఎగరదు, తర్వాతది తొందరగా కాల్చొచ్చు. అందరూ చేసేదే."

"అందరూ అనకు. నన్ను కలపకు అందులో."

"సర్లే."

"ఎందుకు నవ్వుతావ్?"

"నవ్వలేదు. లోపల మందు పడిందో లేదో లైటేసి చూస్తున్నా. నువ్విలా మాట్లాడిస్తుంటే ఒకదాన్లో రెండుసార్లు పోస్తానేమో. అప్పుడు రివాల్వర్ చేతిలోనే పగుల్తుంది."

"పొయ్యి, రెండుసార్లు పొయ్యి. అప్పుడైనా కాస్త తూటాలా ఉంటుంది."

"ఎందుకొచ్చావో చెప్పు బావా."

"రేపటి సంగతి చెబుదామని. ఏదైనా మొహమ్మీద చెప్పి చెయ్యడం నా పద్ధతి. రేపు పోటీకి ముందు వేగం కొలిచే మెషిన్ పెట్టిస్తున్నా. ప్రతివాడి పెట్టెలోంచీ ఐదు తూటాలు తీసి కాలుస్తాం. సెకనుకి ఏడొందల అడుగులు దాటకపోతే ఇంటికే. ఏడాదిదాకా క్లబ్బు గడప తొక్కకూడదు."

"ఏడొందలా? నావి ఆరొందలకే ఆగిపోతాయి."

"తెలుసు. తెలిసే పెట్టా."

"వద్దు బావా. తీసెయ్ ఆ మెషిన్ని."

"అబ్బో, కాళ్ల కిందకి నీళ్లొచ్చాయే!"

"నా కోసం కాదు."

"మరెవరి కోసం? ఆ బ్యాంకు మేనేజరు కోసమా? క్లబ్బు మీటింగులో వాడి మొహానే అన్నా, మీసాలు చూస్తే బారెడు, తూటాలు చూస్తే పాలపళ్లవాడివి అని!"

"మీటింగులో నువ్వీ మాట అన్నప్పుడు ఎవరేమన్నారు?"

"ఏమంటారు? అందరూ తలొంచి బూట్లు చూసుకున్నారు. సిగ్గు!"

"సిగ్గో, జాలో..."

"ఏంటీ?"

"ఏం లేదు. కాఫీ తాగుతావా?"

"నీ కాఫీ కూడా నీ తూటాల్లాగే ఉంటుంది. వద్దు. నేను కాల్చేటప్పుడు ఎప్పుడైనా సరిగ్గా చూశావా? నిండా మందున్న తూటా పేల్తుంటే రివాల్వర్ ముక్కు వెంట్రుకవాసి కూడా లేవదు. డెబ్భై నాలుగేళ్లు నాకు! అదీ మణికట్టంటే."

"చూశాను. అస్సలు లేవదు."

"ఆపరేషనైన మణికట్టది! డాక్టరు ఏమన్నాడు? ఇంక రివాల్వర్ ముట్టుకోవద్దన్నాడు. వాడి మొహం."

"ఆపరేషన్ దాకా నీ తూటాలు నువ్వే చేసుకునేవాడివి. తర్వాతేగా అక్క చెయ్యడం మొదలెట్టింది?"

"అవును. ఎంత బాగా చేసేది! క్లబ్బులో నాకు 'పిడుగు' అని పేరు రాయించిందే మావిస్. ఆ పేరుకి తగ్గ తూటాలు చేసింది. ఒక్క తల్లి కడుపునే పుట్టారు మీరిద్దరూ, ఏం లాభం?"

"అక్క పోయి మూడేళ్లయింది బావా."

"అయితే ఏం? గరాజులో అల్మరా నిండా చేసి పెట్టి పోయింది. ఇరవై పెట్టెలు. ఒక్కో పెట్టె మీద తన చేత్తో రాసిన చీటీ. నావి ఇంకోళ్లవాటిలో కలవకుండా తూటా తూటాకీ అడుగున ఎర్ర చుక్క. అవుంటే నాకింకెవరి అవసరం రాదనుకుంది, పిచ్చిది."

"నెలకి ఒక పెట్టె కాలుస్తావా?"

"ఒకటి. ఒక్కోసారి ఒకటిన్నర."

"ఇప్పుడెన్నున్నాయి?"

"పద్దెనిమిదో, ఇరవయ్యో... ఈ పిచ్చి లెక్కలేంటి? మాట మార్చకు."

"మార్చలేదు. గురువారం గురువారం మీ ఇంటికొచ్చి నేనేం చేస్తాను?"

"ఏం చేస్తావ్? ట్యూనా చేప కలిపిన ఆ వెధవ నూడుల్సు తెచ్చి నా మొహాన పడేస్తావు. తర్వాత గంటసేపు గరాజు ఊడుస్తావు. ఊడవమని నేనడిగానా? ఏయ్, దేనిమీద గుడ్డ కప్పావ్?"

"ఏం లేదు."

"తియ్యి. తియ్యి ముందు. గోళ్ల రంగా! యాభై ఏళ్లుగా చూస్తున్నా, ఒక్కనాడు నీ గోళ్లకి రంగేసుకున్న పాపాన పోలేదు!"

"గోళ్లకి కాదు బావా."

"మరి... ఎర్రది..."

"అవును."

"వెల్డా. ఆ ఇరవై పెట్టెలు?"

"రెండో ఏడాది వేసవికే అయిపోయాయి."

"చీటీలు?"

"అక్క చేతిరాత నాకు తెలియదా? ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాం."

"పెట్టె తెరిచినప్పుడల్లా... ఆ చీటీ చదువుకుంటాను నేను. మావిస్ పలకరించినట్టుంటుంది."

"తెలుసు. అందుకే రాశాను."

"దొంగమొహమా! అంటే రెండేళ్లుగా నీ చిటికెడు మందు నా రివాల్వర్‌లో..."

"కాదు బావా. నా కొలత వెయ్యలేదు. అక్క కొలతే. చివరి వారం ఆసుపత్రిలో నా చేత ఒట్టేయించుకుంది. తన కొలత తప్పననీ, నీకు చెప్పననీ."

"మావిస్ కొలతేనా? నిజం చెప్పు."

"రవ్వంత తేడా లేదు."

"హమ్మయ్య! గుండె ఆగినంత పనైంది. మావిస్ కొలతంటే నిండు మందే. అయితే ఇంకేం, రేపు మెషిన్ ముందు నిలబడే మొదటివాణ్ణి నేనే. రాసి పెట్టుకో."

"బావా, నా మాట విను. శనివారాలు తప్ప నువ్విల్లు కదలవు. అదీ పోతే ఏడాదంతా ఆ టీవీ ముందు ఏమైపోతావ్?"

"నేనెందుకు పోతాను? పోయేది నువ్వు! నాకు మావిస్ చేతి మందు చేసిపెట్టి, నువ్వు మాత్రం ఈ పిచ్చుక మేత కాల్చుకుంటావా? చేతకాకపోతే మానెయ్యాలి. ఎక్కడున్నాయి నా పెట్టెలు?"

"వద్దు బావా."

"ఆ మూత పెట్టిన పెట్టేనా? దీని మీద నీ పేరుందే."

"అవి నావి. నావి చెయ్యడం నిన్ననే అయిపోయింది."

"మరి నావి?"

"నీ చేతి కింద ఉన్నాయి. ఈ కొలత చెంచా అక్కది బావా. నువ్వొచ్చిన దగ్గర్నుంచీ నేను పోస్తున్నవి నీవే."