ఈత్ జీరో కోసం ఆగిన విమానాలు

ఆఫీసు ఎదుట టీ బల్ల మీద సర్వరమ్మ కథ మొదలెట్టిందంటే గ్లాసు ఖాళీ అయ్యేలోపు అది ఊరు దాటుతుందని అందరికీ తెలుసు. ఆఫీసు సర్వర్లు చూసే మనిషి కాబట్టి మగవాళ్ళు ఆమెకి పెట్టిన పేరది. ఇలాగే కోతలు కోసే మగవాణ్ణి మాటకారి అని మెచ్చుకుని దగ్గరికి జరుగుతారు. ఆమె కోస్తే మాత్రం, ఇంట్లో ఎవరూ లేరుగా పాపం అంటారు. అలా అన్నవాళ్ళే ముందు లేచి వెళ్ళిపోతారు. బల్ల ఖాళీ అయితే ఆమెకి మిగిలేది తాళం వేసిన ఒంటి గది. అందుకే ఎవరైనా లేవబోతే చాలు, కథని ఇంకో మెట్టు ఎక్కించేది.

ఆ సాయంత్రం బల్ల మీద అకౌంటెంటు, వాచ్‌మన్ ఉన్నారు. చివర ఒక క్లర్కమ్మాయి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బదిలీ మీద ఆ ఉదయమే చేరింది. ఏ బ్రాంచి నుంచి వచ్చావని ఆమెని ఎవరూ అడగలేదు.

పోయిన వానల్లో ఒక బ్రాంచిలో పిడుగు పడి మెషిన్‌లో నెట్‌వర్క్ కార్డు మాడిపోయిందని మొదలుపెట్టింది సర్వరమ్మ. కొత్తది పెట్టారట. కార్డు మంచిదే, కేబుల్ మంచిదే, లైటు కూడా వెలుగుతోంది, లింకు మాత్రం రాదు.

"ఎందుకో తెలుసా? ఆ మెషిన్‌ని నడిపే లినక్స్ ఉందే, అది మహా మొండిది. మాడిన కార్డు పేరు ఈత్ జీరో. అది చెత్తబుట్టలో పడ్డా సరే, ఆ పేరు దానికే అట్టిపెట్టి, కొత్తదాన్ని ఈత్ వన్ అంది. సెట్టింగులన్నీ ఈత్ జీరో పేరు మీదే ఉన్నాయాయె. ఇంక కొత్తది ఉన్నా లేనట్టే."

అవతల ఫోన్లో ఉన్న మనిషి చేత ఆ పాత పేరు చెరిపించి, మెషిన్ ఆపి మళ్ళీ లేపిస్తే లింకు వచ్చిందని చెప్పింది. అంతవరకూ నిజమే.

అకౌంటెంటు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాన్ని చూసి మిగతా బ్రాంచీల మెషిన్లన్నీ పేర్లు మార్చేసుకున్నాయి, జీరో అని పిలిస్తే వన్ పలుకుతుంది, వన్ అంటే ఏదీ పలకదు, డైరెక్టర్లు మెట్ల మీద కూలబడి ఒకటే ఏడుపు, నేనేమో చెవికో ఫోను, భుజానికో ఫోను."

డైరెక్టర్ల ఏడుపు నచ్చి అకౌంటెంటు మళ్ళీ కూర్చున్నాడు. ఇంతలో వాచ్‌మన్ గేటు వైపు చూశాడు. వెంటనే ఆ జబ్బు విమానాశ్రయానికీ పాకింది. దిగడానికి దారి చెప్పేవాళ్ళు లేక విమానాలు ఆకాశంలోనే ఆగిపోయాయి.

"మరి పెట్రోలో, మేడమ్?" అన్నాడు వాచ్‌మన్.

"పెట్రోలు దేనికయ్యా, నేను ఆగమన్నాక ఆగవూ?"

ఈసారి ఇద్దరూ లేచారు. సర్వరమ్మ గొంతు పెంచింది. ప్రపంచంలో ఉన్న మెషిన్లన్నీ తమ పేరు తాము మర్చిపోయాయట, తను కిటికీ తెరిచి హాజరు పిలిచినట్టు ఒక్కొక్కదాన్నీ పిలిచిందట, సముద్రాల అవతల నుంచి కూడా అన్నీ పలికాయట.

"ఆ ఫోన్లో అవతల ఉన్నది నేనేనండీ," అంది క్లర్కమ్మాయి. "మీ గొంతు గుర్తుపట్టేశాను. చేతిలో టీ చల్లారకముందే లింకు వచ్చేసింది. ఆ రోజు ఇంకేమీ పాడవలేదు."

మగవాళ్ళు పడీ పడీ నవ్వారు. రేపు ఆఫీసంతా చెప్పుకోవడానికి సరుకు దొరికిందని నవ్వుకుంటూనే వెళ్ళిపోయారు.

సర్వరమ్మ తలెత్తలేదు. "నువ్వూ వెళ్ళమ్మా," అంది.

"లింకు వచ్చాక కూడా మీరు ఫోను పెట్టలేదు," అంది క్లర్కమ్మాయి. "మా కిటికీలోంచి ఏం కనిపిస్తుందని అడిగారు. నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు."

"నువ్వూ పెట్టలేదుగా."

"పెట్టలేదు."

బ్యాగులో ఫోను మోగింది. వంట ఎప్పుడవుతుందని భర్త. లింకు పోయిందని, ఆలస్యమవుతుందని చెప్పింది. ఎవరున్నారక్కడ అని అతను గట్టిగా అడగడం సర్వరమ్మకీ వినిపించింది.

"ఎవరూ లేరండీ. మెషిన్ దగ్గర నేనొక్కదాన్నే."

ఆ బల్ల మీద ఏనాడూ నోరు మూయని మనిషి, గ్లాసు చప్పుడవకుండా రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి కూడా వినపడకుండా కూర్చుంది.